సొరంగం తవ్విన సినిమా, జాబితాకెక్కని ఖైదీలు

2004 జూన్ 25న విడుదలైన ‘దీవార్’ పేరు వినగానే 1975 నాటి సలీం–జావేద్ ‘దీవార్’ గుర్తుకు రావడం సహజం. రెండింటిలోనూ అమితాబ్ బచ్చనే ఉన్నా వాటి కథలకు ఏ సంబంధమూ లేదు. మిలన్ లూథ్రియా దర్శకత్వం వహించిన ఈ రెండో ‘దీవార్’ 1971 భారత్–పాకిస్తాన్ యుద్ధంలో పట్టుబడి, మూడు దశాబ్దాలు గడిచినా ఇల్లు చేరని సైనికుల కథ. మేజర్ రణ్‌వీర్ కౌల్‌గా అమితాబ్ బచ్చన్, అతన్నీ అతని తోటివాళ్లనూ హింసించే శిబిరాధికారి సొహైల్‌గా కే కే మేనన్, తండ్రి బతికే ఉన్నాడని తెలిసి సరిహద్దు దాటే కొడుకు గౌరవ్‌గా అక్షయ్ ఖన్నా, ఆ కొడుక్కి దారి చూపే ఖాన్‌గా సంజయ్ దత్ నటించారు. లోపలివాళ్లు సొరంగం తవ్వుతుంటారు, బయటివాడు లోపలికి దారి వెతుకుతుంటాడు. ఈ రెండు ప్రయత్నాలూ ఒకచోట కలిసే దాకా కథ నడుస్తుంది.

తండ్రికీ ఇంటికీ నడుమ ఈ సినిమా నిలబెట్టిన అడ్డంకులన్నీ కంటికి కనిపించేవే. రాతిగోడ, ముళ్లకంచె, కాపలా బురుజు, వాటికి ఆవల ఎడారి. కంటికి కనిపించే అడ్డంకిని కండబలంతో, తెలివితో, తుపాకితో దాటవచ్చు కాబట్టి కథానాయకుడికి చేతినిండా పని దొరుకుతుంది. 1971లో మాయమైన భారత సైనికుల విషయంలో నిజంగా నిలిచిపోయిన అడ్డంకి మాత్రం ఈ కోవకు చెందదు. వాళ్లు తమ దగ్గర ఉన్నట్టు ఎదుటి దేశం ఏ రిజిస్టరులోనూ రాసుకోలేదు, లేదా రాసుకున్నా ఒప్పుకోలేదు. హిందీ సినిమా ఈ కాగితపు సమస్యను గోడ సమస్యగా మార్చుకుంది. ఆ మార్పు వల్ల కథకు ఏం ఒరిగింది, ఏం జారిపోయింది అన్నదే ఇక్కడ చూడవలసిన విషయం.

ముందుగా చరిత్ర. 1971 డిసెంబర్ 3న మొదలైన యుద్ధం 16న ఢాకాలో పాకిస్తాన్ లెఫ్టినెంట్ జనరల్ నియాజీ భారత లెఫ్టినెంట్ జనరల్ జగ్‌జిత్ సింగ్ అరోరా ఎదుట లొంగుబాటు పత్రం మీద సంతకం చేయడంతో తూర్పున ముగిసింది. సైనికులు, పౌరులు కలిపి దాదాపు 93,000 మంది భారత్ చేతికి చిక్కారు. పశ్చిమ సరిహద్దులో పరిస్థితి వేరు. అక్కడ ఉభయ పక్షాలూ ఖైదీలను పట్టుకున్నాయి, పాకిస్తాన్ చేతిలో ఆరు వందలకు పైగా భారత సైనికులు పడ్డారు. 1972 జూలై 2న సిమ్లా ఒప్పందం కుదిరింది. ఆ ఏడాది డిసెంబర్ 1న వాఘా దగ్గర పశ్చిమ సరిహద్దు ఖైదీలను ఇచ్చిపుచ్చుకున్నారు. తూర్పున చిక్కిన 93,000 మంది సంగతి తేలడానికి 1973 ఆగస్టు 28 నాటి ఢిల్లీ ఒప్పందం కావలసి వచ్చింది. వారిలో 195 మందిపై బంగ్లాదేశ్ మోపదలచిన యుద్ధనేరాల అభియోగాలు 1974 ఏప్రిల్‌లో జరిగిన త్రైపాక్షిక ఒప్పందంతో పక్కకు వెళ్లాయి. ఆ నెలాఖరున నియాజీ కూడా వాఘా దాటడంతో భారత్ వైపు లెక్క పూర్తయింది.

పాకిస్తాన్ వైపు లెక్కే తేలలేదు. 1972 డిసెంబర్‌లో తిరిగివచ్చినవారిలో తమవాళ్లు లేరని కొన్ని కుటుంబాలు గుర్తించాయి. అప్పటికే వాళ్లలో చాలామందిని ‘తప్పిపోయారు, చనిపోయి ఉంటారు’ అనే వర్గంలో చేర్చడం జరిగింది. కుటుంబాలు మాత్రం ఆధారాలు కూడగట్టుకుంటూ వచ్చాయి. 1971 డిసెంబర్ 27 నాటి ‘టైమ్’ పత్రికలో కటకటాల వెనుక నిలబడిన ఒక భారత సైనికుడి ఫొటో అచ్చయింది. ఆ మనిషి తమ మేజర్ ఎ.కె. ఘోష్ అని ఇంటివాళ్లు గుర్తుపట్టారు. మేజర్ అశోక్ సూరి తండ్రికి 1974–75 ప్రాంతంలో కొడుకు చేతిరాతతో ఉత్తరాలు అందాయి. యుద్ధం జరుగుతున్న రోజుల్లోనే ఒక పాకిస్తాన్ పత్రిక ప్రాణాలతో పట్టుబడ్డ భారత పైలట్ల పేర్లు ప్రచురించింది, అందులో ‘తాంబే’ పేరును పోలిన పేరు ఉంది. ఫ్లయిట్ లెఫ్టినెంట్ విజయ్ వసంత్ తాంబే భార్య దమయంతి తాంబే జాతీయ స్థాయి బ్యాడ్మింటన్ విజేత. పెళ్లయిన కొత్తలోనే భర్త కనిపించకుండా పోగా, ఆమె ఆ పేపర్ కటింగ్ పట్టుకుని దశాబ్దాల పాటు ఢిల్లీలో గుమ్మం గుమ్మం ఎక్కారు. 1979లో పార్లమెంటుకు ఇచ్చిన సమాధానంలో అప్పటి విదేశాంగ సహాయ మంత్రి సమరేంద్ర కుండూ 40 మంది పేర్లు చెప్పారు. తర్వాత ఆ సంఖ్య 54కు చేరి, ‘మిస్సింగ్ 54’ అన్న మాటగా స్థిరపడింది.

పాకిస్తాన్ మాజీ ప్రధాని జుల్ఫికర్ అలీ భుట్టో చివరి రోజుల గురించి విక్టోరియా స్కోఫీల్డ్ రాసిన పుస్తకంలో ఒక ప్రస్తావన ఉంది. లాహోర్ కోట్ లఖ్‌పత్ జైలులో భుట్టో గదికి గోడ అవతల నుంచి రాత్రిళ్లు అరుపులు వినిపించేవని, అక్కడ ఉంచిన మతిస్థిమితం తప్పిన మనుషులు 1971 నాటి భారత యుద్ధఖైదీలని తెలిసిందని ఆ ప్రస్తావన సారాంశం. రుజువుగా నిలబెట్టడానికి అది చాలదు, కొట్టిపారేయడానికి మనసొప్పదు. ‘మిస్సింగ్ 54’ వ్యవహారంలో ఉన్న ఆధారాలన్నీ దాదాపు ఈ తీరువే.

ఇక్కడ జెనీవా ఒప్పందం పనితీరు కాస్త వివరంగా చెప్పుకోవాలి. యుద్ధఖైదీల గురించిన 1949 నాటి మూడో జెనీవా ఒప్పందాన్ని దయాధర్మాల ప్రకటనగా చదివేవాళ్లు చాలామంది. లోపలికి వెళ్లి చూస్తే అందులో సగం రిజిస్టర్ల నిర్వహణే. పట్టుబడ్డవాడు తన పేరు, హోదా, పుట్టినతేదీ, సైనిక నంబరు చెబితే చాలు. శిబిరానికి చేరిన వారంలోగా కుటుంబానికీ, జెనీవాలోని కేంద్ర సంస్థకూ తన ఆచూకీ తెలిపే కార్డు రాయడానికి అతనికి వీలు కల్పించాలి. పట్టుకున్న దేశం సమాచార కార్యాలయం తెరిచి, ఖైదీల వివరాలు అందజేయాలి. అంతర్జాతీయ రెడ్ క్రాస్ ప్రతినిధులు ఏ శిబిరానికైనా వెళ్లి, సాక్షులు లేకుండా ఖైదీలతో మాట్లాడవచ్చు. 118వ అధికరణ ప్రకారం పోరాటం ఆగిన తర్వాత జాప్యం లేకుండా అందరినీ విడిచిపెట్టాలి. ఈ రక్షణలన్నీ మొదటి కార్డు మీదే ఆధారపడి ఉన్నాయి. కార్డు ఉంటే కొట్టినవాడు జవాబు చెప్పాలి. కార్డు లేకపోతే ఆ మనిషిని గూఢచారి అని రాసుకోవచ్చు, వేరే పేరు తగిలించవచ్చు, అసలు అలాంటివాడే మా దగ్గర లేడనీ చెప్పవచ్చు.

పారిపోవడం గురించి కూడా ఆ ఒప్పందంలో స్పష్టమైన నియమాలు ఉన్నాయి. పారిపోతూ దొరికిన ఖైదీకి క్రమశిక్షణ చర్య తప్ప మరో శిక్ష వేయరాదు, ఆ చర్య 30 రోజులకు మించరాదు. పారిపోవడం కోసమే పౌర దుస్తులు వేసుకోవడం, ప్రాణహాని కలిగించని చిన్న నేరాలు చేయడం కూడా ఈ పరిధిలోకే వస్తాయి. పారిపోతున్నవాడి మీద కాల్పులు చివరి మార్గం మాత్రమే, అదీ ముందు హెచ్చరించిన తర్వాతే. 1944 మార్చిలో జర్మన్ల స్టాలాగ్ లుఫ్ట్ 3 శిబిరం నుంచి సొరంగం గుండా 76 మంది మిత్రపక్ష వైమానికులు బయటపడగా, దొరికిన 73 మందిలో 50 మందిని నాజీ రహస్య పోలీసు విభాగం గెస్టపో కాల్చి చంపింది. ఆ ఉదంతం మీద 1963లో జాన్ స్టర్జెస్ తీసిన ‘ది గ్రేట్ ఎస్కేప్’ ప్రపంచమంతటా ఆడింది. ‘దీవార్’లోని సొరంగం, ఖైదీల పని పంపకం, కాపలావాళ్లను ఏమార్చే ఉపాయాలు అక్కడి నుంచి వచ్చినవే.

నిజంగా అలాంటి కథ మన సైనికులకూ ఉంది. హిందీ సినిమా దాన్ని పట్టించుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది. సుఖోయ్–7 నడుపుతూ 1971 డిసెంబర్ 10న కూలిన ఫ్లయిట్ లెఫ్టినెంట్ దిలీప్ పారుల్కర్, మరో ఇద్దరు పైలట్లు ఎం.ఎస్. గ్రెవాల్, హరీశ్ సింహ్‌జీ కలిసి 1972 ఆగస్టు 12 అర్ధరాత్రి దాటాక రావల్పిండి శిబిరం నుంచి తప్పించుకున్నారు. అక్కడ డజను మంది దాకా భారత వైమానిక దళ అధికారులు ఉండేవారు. వీళ్లు సొరంగం తవ్వలేదు. గది గోడ ఇటుకలను రాత్రిళ్లు కొద్దికొద్దిగా వదులు చేసి కన్నం పెట్టారు. పాత అట్లాసు చూసి దారి గీసుకున్నారు, సూదిని అయస్కాంతంగా మార్చి దిక్సూచి చేసుకున్నారు, పఠాన్ల తీరులో బట్టలు కుట్టించుకున్నారు. భారత సరిహద్దు వైపు వెళ్తే దొరికిపోతామని లెక్కవేసి, పశ్చిమంగా పెషావర్ మీదుగా అఫ్గానిస్తాన్ వైపు నడిచారు. చుట్టూ వెతుకులాట మొదలయ్యే లోపే బస్సెక్కి లండీ కోటల్ చేరారు. అక్కడి నుంచి సరిహద్దు నాలుగైదు మైళ్లే.

వాళ్లను పట్టించింది ఒక రైల్వే స్టేషను. అట్లాసులో లండీ కోటల్ తర్వాత లండీ ఖానా అనే స్టేషను ఉంది. అక్కడికి ఎలా వెళ్లాలని బజారులో అడిగారు. ఆ స్టేషను 1932లోనే మూతపడిందని స్థానికులకు తెలుసు, బ్రిటిష్ కాలపు పటాన్ని నమ్ముకున్న ముగ్గురు పైలట్లకు తెలియదు. అప్పటికే పాకిస్తాన్‌లో చిక్కుకున్న బెంగాలీలు ఇదే దారిన అఫ్గానిస్తాన్‌కు పారిపోతుండటంతో, వీళ్లూ ఆ బాపతేనని తహసీల్దారు కార్యాలయపు ఉద్యోగికి అనుమానం వచ్చింది. లాహోర్ నుంచి విహారానికి వచ్చిన పాకిస్తాన్ వైమానిక దళ సిబ్బందిమని చెప్పుకున్నారు, ఎవరూ నమ్మలేదు. పరిస్థితి విషమిస్తుండగా పారుల్కర్‌కు ఒక ఉపాయం తట్టింది. రావల్పిండి శిబిరానికి మొదట అధికారిగా ఉండి, తర్వాత పాకిస్తాన్ వైమానిక దళాధిపతి దగ్గర ఏడీసీగా (వ్యక్తిగత సహాయ అధికారిగా) చేరిన స్క్వాడ్రన్ లీడర్ ఉస్మాన్ హమీద్‌తో ఫోనులో మాట్లాడించమని కోరాడు. వీళ్లు ఎవరో ఉస్మాన్‌కు అర్థమైంది. వాళ్లు మా మనుషులే, భద్రంగా ఉంచండి అన్న అర్థంలో ఆయన మాట సాయం చేయడంతో, కొండల్లో ఎవరూ చూడని చోట ముగిసిపోవలసిన కథ జైలు దాకా వచ్చింది. కొద్దినెలల్లోనే, 1972 డిసెంబర్ 1న, ముగ్గురూ మిగిలిన ఖైదీలతో పాటు వాఘా దాటి వచ్చారు.

ఈ ఉదంతంలో కథారచయితకు కావలసినవన్నీ ఉన్నాయి, ఒక్క ప్రతినాయకుడు తప్ప. నిజానికి ఇందులో ఎక్కువ నాటకీయత ఉన్నది ఫోను దగ్గర. ముగ్గురి ప్రాణాలూ ఒక శత్రు అధికారి గుర్తుపట్టడం మీద ఆధారపడ్డాయి. ఆయన గుర్తుపట్టగలిగాడంటే వాళ్ల పేర్లు అప్పటికే రాతకెక్కి ఉన్నాయి కాబట్టి. పట్టుబడ్డాక మళ్లీ ఖైదీలే అయ్యారు గానీ అనామకులు కాలేదు. ‘మిస్సింగ్ 54’కు దక్కని అదృష్టం సరిగ్గా ఇదే. అందుకే పారుల్కర్ బృందం కథనూ, రణ్‌వీర్ కౌల్ కథనూ ఒకే గాటన కట్టడం పొరపాటు. మొదటిది నియమాలున్న చోట జరిగిన సాహసం. రెండోది నియమమే లేని చోటి నిర్బంధం. ‘దీవార్’ రెండోదాన్ని తీసుకుని మొదటిదానిలా చెప్పింది.

అలా చెప్పడానికి సినిమాకు ఒక కొడుకు అవసరమయ్యాడు. ‘ది గ్రేట్ ఎస్కేప్’లో తప్పించుకోవడం అధికారుల విధి. అందుకు ఒక కమిటీ, ఒక సీనియర్, ఒక ప్రణాళిక ఉంటాయి. జర్మన్ సైన్యాన్ని వెతుకులాటలో ఇరికించడం కూడా లక్ష్యమే. హిందీ రూపంలో ఆ సైనిక విధి కుటుంబ ధర్మంగా మారింది. తండ్రిని విడిపించవలసిన బాధ్యత ప్రభుత్వానిది కాగా, కథ దాన్ని కొడుకు భుజాన పెట్టింది. మన ప్రేక్షకుడికి ఈ అమరిక కొత్త కాదు, తండ్రి కోసం బయల్దేరే కొడుకును మన సినిమాలు ఎప్పటి నుంచో చూపిస్తున్నాయి. అయితే ఈ అమరిక ఒక అసౌకర్యమైన ప్రశ్నను చడీచప్పుడు లేకుండా దాటవేస్తుంది. 93,000 మంది చేతిలో ఉండగా మనవాళ్ల పూర్తి జాబితా ఎందుకు రాబట్టలేకపోయాం అని సైనికుల కుటుంబాలు అడిగిన ప్రశ్న అది. దానికి ఎదుటి దేశం ఒక్కటే జవాబుదారీ కాదు. యుద్ధం ముగిసిన తొలి నెలల్లో మన దగ్గరే ఎవరు చనిపోయారు, ఎవరు పట్టుబడ్డారు అన్న లెక్క సరిగా లేదు. తప్పిపోయినవాణ్ణి చనిపోయినవాడిగా రాసేస్తే పింఛను కాగితాలు త్వరగా కదులుతాయి, వెతుకులాట మాత్రం అక్కడితో ఆగిపోతుంది. సొహైల్ వంటి క్రూరుణ్ణి తెర మీద నిలబెట్టడం ఇవన్నీ చెప్పడం కన్నా సులువు.

విడుదలైన కాలం కూడా చూడాలి. 2003 నవంబర్ 26న నియంత్రణ రేఖ వెంట కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. 2004 జనవరిలో వాజ్‌పేయి ఇస్లామాబాద్ వెళ్లారు, వసంతంలో భారత క్రికెట్ జట్టు పాకిస్తాన్‌లో ఆడింది. ‘ఎల్‌ఓసీ కార్గిల్’ 2003 డిసెంబర్‌లో, ‘లక్ష్య’ 2004 జూన్ 18న వచ్చాయి, ఆ తర్వాత వారానికి ‘దీవార్’. దేశాల మధ్య మాటలు మొదలైన వేళ థియేటర్లలో మాత్రం యుద్ధం నడుస్తూనే ఉంది. అదే ఏడాది నవంబర్‌లో యశ్ చోప్రా ‘వీర్–జారా’ వచ్చింది. అదీ పాకిస్తాన్ జైలులో మగ్గిన భారత వైమానిక దళ అధికారి కథే. అయితే అతను యుద్ధంలో పట్టుబడ్డవాడు కాదు, ప్రేమ కోసం వెళ్లి ఇరుక్కున్నవాడు. ప్రేమకథ అన్న ముద్ర వల్ల యుద్ధఖైదీల చర్చలో దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. విచిత్రమేమిటంటే అసలు సమస్యను ‘దీవార్’ కన్నా అదే దగ్గరగా పట్టుకుంది. వీర్ ప్రతాప్ సింగ్‌ను రాజేశ్ రాథోడ్ అనే గూఢచారిగా రాయించి, అతని చేతనే ఒప్పించి, ఇరవై రెండేళ్లు లోపల ఉంచుతారు. అతన్ని బయటికి తెచ్చేది సొరంగం కాదు, ఒక పాకిస్తానీ మహిళా న్యాయవాది. కోర్టులో ఆమె నిరూపించవలసిందల్లా ఇతను రాజేశ్ కాదు, వీర్ అని. పాటల మధ్య ఒదిగిపోయినా, కథకు ఇరుసు అదే.

2007 మార్చిలో వచ్చిన ‘1971’ ఈ వరుసలో మెరుగైన సినిమా. రామానంద్ సాగర్ మనవడు అమృత్ సాగర్ దర్శకత్వం వహించగా, పీయూష్ మిశ్రా రచనలో పాలుపంచుకున్నాడు. మనోజ్ బాజ్‌పేయి, రవి కిషన్, కుముద్ మిశ్రా, మానవ్ కౌల్, దీపక్ డోబ్రియాల్ ప్రధాన పాత్రధారులు. కథ 1977లో జరుగుతుంది. ఆ ఏడాది జూలై 5న పాకిస్తాన్ సైన్యాధిపతి జనరల్ జియా అధికారం చేజిక్కించుకున్నాడు. చక్‌లాలా శిబిరానికి తరలించిన ఖైదీలు తమను ఇంటికి పంపడానికే అక్కడికి తెచ్చారని మొదట నమ్ముతారు. అలా కాదని, బయటి కంటికి కనబడకుండా దాస్తున్నారని అర్థమయ్యాక ఆగస్టు 14 వేడుకల సందడిలో తప్పించుకోవాలని పథకం వేస్తారు. ఇక్కడ బయటి నుంచి వచ్చే కొడుకు లేడు. ఆరుగురు మనుషులు, మంచు కొండలు, ఒక్కొక్కరుగా రాలిపోవడం తప్ప మరేమీ లేదు. పాకిస్తాన్ వైపు కూడా ఒకే రంగు పులమలేదు, ఖైదీల ఉనికిని బయటపెట్టాలనుకునే మనుషులూ ఆ కథలో ఉన్నారు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇది విజయంతో ముగియదు. ముగిసి ఉంటే 54 మంది పేరు చెప్పి మోసం చేసినట్టే అయ్యేది.

55వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ‘1971’ ఉత్తమ హిందీ చిత్రంగా ఎంపికైంది. థియేటర్లలో నిలవలేదు. 2020 లాక్‌డౌన్ కాలంలో యూట్యూబ్‌లో కోట్ల మంది చూశారు. పదమూడేళ్ల తర్వాత దక్కిన ఆ ఆదరణకు ఇంట్లో కూర్చున్న ప్రేక్షకుడి తీరుబాటు ఒక కారణం కావచ్చు. రెండో కారణం 2019 నాటి అభినందన్ వర్ధమాన్ ఉదంతం అయి ఉండాలి. ఫిబ్రవరి 27న మిగ్–21 కూలి పట్టుబడ్డ ఆయన మార్చి 1 రాత్రి వాఘా దాటారు. పట్టుబడిన గంటల్లోనే ఆయన వీడియో ప్రపంచమంతా చూసింది. ఆ తర్వాత ‘మా దగ్గర లేడు’ అనడానికి ఎవరికీ వీల్లేకపోయింది. 1999 మే 27న కార్గిల్ యుద్ధంలో మిగ్–27 నుంచి దూకి పట్టుబడ్డ కంభంపాటి నచికేత కూడా జూన్ 3నే విడుదలయ్యారు, ఆయన పేరూ మొదటి రోజే బయటికి వచ్చింది.

పేరు బయటికి రానివాళ్ల సంగతి అదే కార్గిల్ యుద్ధం చూపిస్తుంది. ‘దీవార్’ ఇంకా కొన్ని హాళ్లలో ఆడుతున్న 2004 ఆగస్టులో, అయిదేళ్ల నిర్బంధం తర్వాత ఇద్దరు భారత జవాన్లు పాకిస్తాన్ నుంచి తిరిగి వచ్చారు. వారిలో ఒకరిని అంతకుముందు సైన్యం విధుల నుంచి పారిపోయినవాడిగా లెక్కకట్టింది. ఉత్తరప్రదేశ్‌లోని సొంత ఊరికి చేరేసరికి అతని భార్య మరొకరిని పెళ్లాడి, నిండు గర్భిణిగా ఉంది. ఆమె ఎవరి దగ్గర ఉండాలో పంచాయితీ పెట్టి, టీవీ కెమెరాల ముందు తేల్చారు. మొదటి భర్త దగ్గరికే పంపారు. 2006 మొదట్లో ఆమె అనారోగ్యంతో చనిపోయింది. తండ్రీకొడుకుల ఆలింగనంతో ముగిసే రక్షణ కథల్లో ఇలాంటి ఇల్లు కనిపించదు. తిరిగి రావడం అనేది సరిహద్దు గేటు దగ్గర అయిపోదని చెప్పగల సినిమాకు ఇంతకన్నా బలమైన ముడిసరుకు అక్కర్లేదు.

1971 అనగానే తెలుగువారికి ముందు గుర్తొచ్చేది విశాఖ. డిసెంబర్ 3–4 రాత్రి ఆ తీరాన మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి కథను 2017లో ‘ఘాజీ’గా చూశాం. అది గెలుపు కథ. పాకిస్తాన్ జైలు కథ తెలుగు తెర మీదికి వచ్చింది ‘తండేల్’తో, 2025లో. గుజరాత్ పడవల మీద వేటకు వెళ్లి 2018 నవంబర్‌లో పట్టుబడ్డ ఉత్తరాంధ్ర మత్స్యకారుల అనుభవం దానికి ఆధారం. వాళ్లలో 20 మంది 2020 జనవరి 6న వాఘా గేటు దాటి వచ్చారు. సినిమాగా ‘తండేల్’ ప్రేమకథ వైపే మొగ్గింది, అది వేరే సంగతి. ఆ మత్స్యకారులు ఏడాది పైచిలుకులో ఇల్లు చేరడానికి వీలైంది మాత్రం వాళ్ల పేర్లు, ఊళ్లు, తండ్రుల పేర్లతో సహా రెండు ప్రభుత్వాల దగ్గరా ఉన్నాయి కాబట్టే. శ్రీకాకుళం నుంచి వెళ్లిన వినతులకు కరాచీ జైలులో సరిపోల్చుకోవడానికి ఒక రిజిస్టరు ఉంది.

54 మంది విషయంలో సరిపోల్చుకునేందుకే ఏమీ లేకపోయింది. 1983లో కొందరు బంధువులు ముల్తాన్ జైలుకు వెళ్లి వచ్చారు. 2007లో, అంటే ‘1971’ విడుదలైన ఏడాదే, 14 మంది బంధువులు పాకిస్తాన్‌లోని పలు జైళ్లు తిరిగారు. తమవాళ్లు ఎవరూ కనిపించలేదు. 1971 నాటి ఖైదీలెవరూ తమ దగ్గర లేరన్న మాటే పాకిస్తాన్ మళ్లీ మళ్లీ చెప్పింది. వృద్ధుడైపోయి, పేరు మారిపోయి, మతిస్థిమితం తప్పిన మనిషిని నలభై ఏళ్ల నాటి పెళ్లి ఫొటోతో గుర్తుపట్టడం ఎంతవరకు సాధ్యమన్న ప్రశ్న ఎలాగూ ఉంది.

కోర్టు దారీ ఎంతో దూరం సాగలేదు. ఈ వ్యవహారాన్ని అంతర్జాతీయ న్యాయస్థానానికి తీసుకెళ్లాలని 2011లో గుజరాత్ హైకోర్టు కేంద్రాన్ని ఆదేశించగా, ఆ ఆదేశాన్ని సుప్రీంకోర్టు నిలిపివేసింది. పాకిస్తాన్‌తో సహా కామన్వెల్త్ దేశాలతో తనకున్న వివాదాల్లో ఆ న్యాయస్థానం పరిధిని అంగీకరించబోమని భారత్ చాలా కాలం క్రితమే ప్రకటించింది. 1999లో భారత్ కూల్చిన తమ అట్లాంటిక్ అనే నౌకాదళ విమానం కేసులో పాకిస్తాన్ అక్కడికి వెళ్లినప్పుడు, భారత్ ఈ మినహాయింపును చూపించే 2000లో కేసు కొట్టివేయించుకుంది. అప్పుడు ఉపయోగపడ్డ కవచం 54 మంది కుటుంబాలకు అడ్డుగోడ అయింది. కుల్‌భూషణ్ జాధవ్ (గూఢచారి అంటూ పాకిస్తాన్ పట్టుకున్న భారతీయుడు) విషయంలో భారత్ హేగ్‌లోని ఆ న్యాయస్థానం గడప తొక్కగలిగినా, అది కాన్సులర్ సంబంధాల (పరాయి దేశంలో చిక్కిన తమ పౌరులకు దౌత్య సాయం) మీది వేరే ఒప్పందం ఆధారంగా. దానికీ ముందు షరతు ఒకటి ఉంది, మనిషి తమ దగ్గరే ఉన్నాడని పట్టుకున్న దేశం ఒప్పుకోవాలి.

2008 మే నెలలో కుదిరిన కాన్సులర్ ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న ఎదుటి దేశస్థుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. యుద్ధవాతావరణం ఎంత ముదిరినా ఈ పని ఆగలేదు. ఆ జాబితాలో రెండే వర్గాలు, పౌర ఖైదీలు, మత్స్యకారులు. ఆ రోజున మన విదేశాంగ శాఖ విడుదల చేసే ప్రకటనలో ఖైదీలనూ, మత్స్యకారులనూ, వాళ్ల పడవలనూ త్వరగా విడిచిపెట్టాలన్న వాక్యం చివర ‘కనిపించకుండా పోయిన భారత రక్షణ సిబ్బంది’ అన్న మాట కూడా ఉంటుంది. పార్లమెంటుకు ఇటీవలి సంవత్సరాల్లో చెప్పిన లెక్కలో వారి సంఖ్య 83, అందులో 1971 నాటి 54 మంది కూడా ఉన్నారు. ఎదుటి నుంచి వచ్చే జాబితాలో వారికంటూ గడి లేదు.